ఒదిగి సాగే ఎర్రకణం

పాఠ్యభాగ ఉద్దేశం

జీవకణాన్ని రసాయనాల సమాహారంగానే కాక, బలాలకు లోనై వంగుతూ, సాగుతూ, ప్రవహించే వస్తువుగా కూడా పరిశీలించవచ్చునని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. ఎర్ర రక్తకణం యాంత్రిక ధర్మాలను కంప్యూటరులో ఏ విధంగా నమూనాగా నిర్మిస్తారో, ఆ నమూనాను ఎప్పుడు విశ్వసించవచ్చునో, వ్యాధులను అర్థం చేసుకోవడానికి అది ఎలా తోడ్పడుతుందో ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

పూర్వం మన పల్లెల్లో చలిజ్వరం పదేపదే వచ్చి తగ్గిన పిల్లవానిని చూసి, కడుపులో బల్ల పెరిగిందని పెద్దలు అనేవారు. ఎడమవైపు పక్కటెముకల కింద చేతికి గట్టిగా తగిలే ఆ బల్ల మరేదో కాదు, వాచిన ప్లీహం. మలేరియా పరాన్నజీవి నివసించేది ఎర్ర రక్తకణంలో. వాచినది మాత్రం ప్లీహం. ఈ రెండింటికీ గల సంబంధమేమిటి? దీనికి కారణాలు అనేకం ఉన్నాయి. వాటిలో ముఖ్యమైన ఒక కారణం, ఎర్రకణం ఎంత మెత్తగా ఉన్నది అనే ప్రశ్నతో ముడిపడి ఉన్నది. ఈ ప్రశ్నకు సమాధానం వెదికే క్రమంలో వైద్యులతో పాటు ఇంజనీర్లు, గణితవేత్తలు కూడా రక్తకణం వైపు దృష్టి సారించారు.

ఇరుకు దారిలో ప్రయాణం

ఆరోగ్యవంతమైన ఎర్ర రక్తకణం వ్యాసం సుమారు 8 మైక్రోమీటర్లు. మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఈ కణం గుండె నుంచి బయలుదేరి, శరీరమంతా తిరిగి, మళ్ళీ గుండెకు చేరడానికి విశ్రాంతి సమయంలో సుమారు ఒక నిమిషం పడుతుంది. దాని జీవితకాలం దాదాపు 120 రోజులు. అంటే తన జీవితంలో అది లక్షన్నరకు పైగా పర్యాయాలు శరీరాన్ని చుట్టి వస్తుందన్నమాట.

ఈ ప్రయాణమంతా రాజమార్గంలో సాగదు. మన శరీరంలోని అతి సన్నని రక్తకేశనాళికల వ్యాసం 3 నుంచి 5 మైక్రోమీటర్లు మాత్రమే. తనకన్నా ఇరుకైన ఆ దారిలో కణం ముడుచుకొని, సాగి, దాటిన వెంటనే తిరిగి పూర్వపు ఆకారాన్ని పొందుతుంది. ప్లీహంలో ఎదురయ్యే పరీక్ష ఇంతకన్నా కఠినమైనది. అక్కడి రక్తమార్గపు గోడలలోని కణాల నడుమ గల చీలికల వెడల్పు సుమారు ఒక మైక్రోమీటరు మాత్రమే. మెత్తగా ఉన్న కణం ఆ చీలిక గుండా జారి మళ్ళీ ప్రవాహంలో కలుస్తుంది. బిరుసెక్కిన కణం అక్కడ చిక్కుకొని నశిస్తుంది. ముదిసిన కణాలను, రోగగ్రస్తమైన కణాలను ప్లీహం ఏరివేసే పద్ధతులలో ఇది ఒకటి. కనుక ఎర్రకణానికి మెత్తదనం జీవన్మరణ సమస్య.

మెత్తదనానికి మూలం

ఎర్రకణానికి ఈ ఒదుగు ఎక్కడినుంచి వచ్చింది? దీనిని మీరే ఒక చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. ఎర్రకణం ఘనపరిమాణం సుమారు 90 ఘన మైక్రోమీటర్లు. అంతే ఘనపరిమాణం గల గోళానికి వ్యాసార్ధం దాదాపు 2.8 మైక్రోమీటర్లు, ఉపరితల వైశాల్యం దాదాపు 97 చదరపు మైక్రోమీటర్లు ఉంటుంది. అయితే ఎర్రకణం ఉపరితల వైశాల్యం సుమారు 135 చదరపు మైక్రోమీటర్లు. అంటే లోపలి పదార్థాన్ని కప్పడానికి అవసరమైనదానికన్నా సుమారు 40 శాతం ఎక్కువ త్వచం దానికి ఉన్నది.

ధాన్యాన్ని కూరి, మూతి బిగించి కుట్టిన బస్తాను ఇరుకు సందులోంచి దూర్చలేము. అదే బస్తా వెలితిగా ఉంటే ఎటు నొక్కితే అటు ఒదుగుతుంది. ఎర్రకణం వెలితిగా ఉన్న బస్తా వంటిది. అందువల్లనే అది బంతివలె గుండ్రంగా ఉండక, రెండు వైపులా నడుమ పల్లంగా ఉన్న బిళ్ళ ఆకారంలో ఉంటుంది. ఇచ్చిన వైశాల్యానికి, ఇచ్చిన ఘనపరిమాణానికి త్వచం వంగడానికి అతి తక్కువ శక్తి పట్టే ఆకారం ఇదేనని 1970లో కెన్హమ్ అనే శాస్త్రవేత్త గణితపరంగా చూపించాడు. కంటికి కనిపించే ఆకారం వెనుక ఒక శక్తి సూత్రం ఉన్నదని ఆ లెక్క నిరూపించింది.

ఆకారం తెలిసినంత మాత్రాన కణం గురించి తెలిసినట్లు కాదు. త్వచం దేనితో తయారైనదో కూడా తెలియాలి. పై పొర కొవ్వు అణువులు రెండు వరుసలుగా పేరుకొని ఏర్పడినది. అది సులువుగా వంగుతుంది గాని, తన వైశాల్యాన్ని పెంచనివ్వదు. కొద్ది శాతం సాగదీసినా చిరిగిపోతుంది. దాని అడుగున స్పెక్ట్రిన్ అనే పొడవాటి ప్రోటీను పోగులతో అల్లిన వల ఉన్నది. ఈ వలలో చాలా ముడుల నుంచి ఆరేసి పోగులు బయలుదేరుతాయి. లాగితే సాగి, వదిలితే ముడుచుకొనే గుణం కణానికి ఈ వల వల్లనే లభించింది. లోపల కేంద్రకం లేదు. ఉన్నదంతా చిక్కని హీమోగ్లోబిన్ ద్రావణం. కనుక యాంత్రిక దృష్టితో చూస్తే ఎర్రకణం ఒక వల, ఒక పలుచని పొర, వాటి మధ్య బంధింపబడిన ద్రవం. జీవకణాలన్నింటిలో ఇంత సరళమైన నిర్మాణం గలది అరుదు. అందుకే కణాల యాంత్రిక ధర్మాలను లెక్కకట్టాలనుకున్నవారిలో చాలామంది ఎర్రకణంతో ప్రారంభించారు.

నమూనా నిర్మాణం

సజీవమైన కణాన్ని కంప్యూటరులో ఎలా నిలపడం? ముందుగా కణం ఉపరితలంపై అనేక బిందువులను గుర్తిస్తారు. పక్కపక్కన ఉన్న బిందువులను రేఖలతో కలుపుతారు. అప్పుడు ఉపరితలమంతా చిన్న చిన్న త్రిభుజాలుగా ఏర్పడుతుంది. ప్రతి రేఖనూ ఒక స్ప్రింగుగా భావిస్తారు. ఇది స్పెక్ట్రిన్ పోగుకు ప్రతినిధి. పక్కపక్కన ఉన్న రెండు త్రిభుజాల మధ్య కోణం మారినప్పుడు కొంత నిరోధం కలిగేటట్లు నియమం పెడతారు. ఇది త్వచం వంపుకు ప్రతినిధి. మొత్తం వైశాల్యం మారరాదని, లోపలి ఘనపరిమాణం మారరాదని మరి రెండు నియమాలు చేర్చుతారు. త్వచం కదిలేటప్పుడు కలిగే ఘర్షణను, అంటే దాని స్నిగ్ధతను, వేరుగా లెక్కలోకి తీసుకుంటారు. చుట్టూ ఉన్న ప్లాస్మాను కూడా పరస్పరం తాకుతూ, తోసుకుంటూ కదిలే అసంఖ్యాకమైన ద్రవబిందువుల సమూహంగా చూపుతారు.

ఆ తరువాత జరిగేది మీరు భౌతికశాస్త్రంలో చదువుకొన్న న్యూటన్ గమన నియమమే. ప్రతి బిందువుపై పనిచేసే బలాలను కూడుతారు. బలం నుంచి త్వరణం, త్వరణం నుంచి వేగం, వేగం నుంచి కొత్త స్థానం తెలుస్తాయి. కాలం అత్యల్పంగా ముందుకు జరుగుతుంది. కొత్త స్థానాలలో బలాలను మళ్ళీ లెక్కిస్తారు. ఈ పనిని కంప్యూటరు లక్షల పర్యాయాలు విసుగు లేకుండా చేస్తుంది. అప్పుడు తెరపై ఒక బిళ్ళ వంటి ఆకృతి వంగుతూ, సాగుతూ సన్నని గొట్టంలోకి దూరుతుంది. చూడడానికి చలనచిత్రంవలె ఉన్నా, అందులోని ప్రతి కదలిక వెనుక ఒక లెక్క ఉన్నది.

ఎంత వివరం అవసరం?

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. స్పెక్ట్రిన్ వలలోని ప్రతి ముడికి ఒక బిందువు చొప్పున తీసుకుంటే, ఒక్క కణానికే ఇరవై అయిదు వేలకు పైగా బిందువులు కావాలి. అటువంటి సూక్ష్మ నమూనాలను పరిశోధకులు నిర్మించారు. అయితే ఒక ఘన మిల్లీమీటరు రక్తంలోనే సుమారు 50 లక్షల ఎర్రకణాలు ఉంటాయి. ఒక్క కణానికే అంత శ్రమ పడితే అనేక కణాలు కలిసి ప్రవహించే తీరును ఎన్నడు లెక్కించగలం?

2008లో పివ్కిన్, కర్నియదాకిస్ అనే శాస్త్రవేత్తలు దీనికి ఒక మార్గం చూపారు. పోగులను తగ్గించి, మిగిలిన ఒక్కొక్క స్ప్రింగు అనేక పోగుల పని చేసేటట్లు దాని గుణాలను సరిచేస్తే, కొన్ని వందల బిందువులతోనే కణం సాగుదలను యథాతథంగా రాబట్టవచ్చునని వారు నిరూపించారు. వివరం తగ్గినా విషయం చెడలేదు. దేశపటంలో ప్రతి ఇంటినీ గుర్తించరు. ఊరి నుంచి ఊరికి దారి తెలిస్తే చాలు. అదే విధంగా నమూనా అంటే వస్తువుకు నకలు కాదు. అడిగిన ప్రశ్నకు తగినంత వివరం గల రూపం. ఏది ఉంచాలో, ఏది విడువవచ్చునో నిర్ణయించడంలోనే నమూనాకారుని వివేకం ఉన్నది.

నమూనాకు పరీక్ష

తెరపై కదిలిన ప్రతిదీ సత్యం కాదు. స్ప్రింగు బిగువు ఎంత ఉండాలో కంప్యూటరు తనంతట తాను చెప్పలేదు. దానిని ప్రయోగమే చెప్పాలి. కేంద్రీకరించిన లేజరు కాంతితో సూక్ష్మ వస్తువులను పట్టి కదిలించే సాధనాన్ని కాంతి పట్టకారు అనవచ్చు. దీనిని రూపొందించిన ఆర్థర్ ఆష్కిన్‌కు 2018లో నోబెల్ బహుమతి లభించింది. ఎర్రకణానికి రెండు వైపులా సూక్ష్మమైన సిలికా పూసలను అంటించి, ఒకదానిని ఈ పట్టకారుతో పట్టి లాగితే కణం సాగుతుంది. దాదాపు రెట్టింపు పొడవుకు సాగడానికి సుమారు 200 పికోన్యూటన్ల బలం సరిపోతుంది. అది ఒక బియ్యపు గింజ బరువులో సుమారు పదిలక్షల వంతు.

ఈ తరహా ప్రయోగాలకు పేరుపొందినవారిలో సుబ్ర సురేశ్ ఒకరు. మద్రాసు ఐ.ఐ.టి.లో ఇంజనీరింగు చదివిన ఆయన, లోహాలు ఎలా అలసి విరుగుతాయో పరిశోధించి ప్రసిద్ధి పొందారు. ఆ తరువాత అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సహపరిశోధకులతో కలిసి రక్తకణాల మెత్తదనాన్ని కొలిచారు. ఉక్కు కడ్డీకి వేసే ప్రశ్ననే ఆయన రక్తకణానికీ వేశారు: ఎంత బలానికి ఎంత సాగుతుంది?

అయితే ఒక ప్రయోగంతో సరిపోయేటట్లు సంఖ్యలను దిద్దుకొని, అదే ప్రయోగాన్ని సరిగా చెప్పానని నమూనా గర్వించడానికి వీలులేదు. జవాబులు ముందే చూసుకొని పరీక్ష రాసిన విద్యార్థికి వచ్చిన మార్కుల వంటిదది. నిజమైన పరీక్ష, నమూనా ఎన్నడూ చూడని ప్రశ్న వేయడం. 2010లో ఫెదోసొవ్, కాస్వెల్, కర్నియదాకిస్‌లు తమ నమూనాను కణం సాగుదలతో పాటు, త్వచం మెలిపడినప్పుడు, ప్రవాహంలో కణం దొర్లినప్పుడు కనిపించే ప్రవర్తనతోనూ పోల్చి చూశారు. త్వచానికి సాగే గుణంతో పాటు స్నిగ్ధత కూడా చేర్చకపోతే ఈ ప్రవర్తనను సరిగా రాబట్టలేమని ఆ పోలిక వెల్లడించింది. నమూనా తప్పు చెప్పిన చోటే మనకు ఒక కొత్త సత్యం తెలుస్తుంది.

వ్యాధి నీడలో కణం

1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ శరీరంలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. ఆ పరిశోధనకు 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. దోమ ద్వారా మన శరీరంలో ప్రవేశించిన పరాన్నజీవి చివరకు ఎర్రకణంలో చేరి ఏమి చేస్తుందో తరువాతి తరాలు కనుగొన్నాయి. ఫాల్సిపారం జాతి పరాన్నజీవి కణంలో సుమారు 48 గంటలు పెరుగుతుంది. ఆ కాలంలో అది కణత్వచాన్ని మార్చివేస్తుంది. 2005లో కాంతి పట్టకారుతో చేసిన కొలతలలో, పరాన్నజీవి ముదిరిన దశలో కణం బిరుసుదనం పది రెట్ల వరకు పెరిగినట్లు తేలింది. అంతేకాక అటువంటి కణం రక్తనాళాల గోడలకు అంటుకొంటుంది. మెదడులోని సన్నని నాళాలలో ఇది జరిగితే ప్రాణాపాయం కలుగుతుంది.

బిరుసెక్కిన కణం ప్లీహపు చీలికను దాటలేదని ముందు చెప్పుకొన్నాం. ప్లీహంలోని ఆ చీలికను సజీవమైన మనిషిలో నేరుగా చూడడం చాలా కష్టం. కంప్యూటరు నమూనా అక్కడికి వెళ్ళగలదు. 2016లో పివ్కిన్, సురేశ్, మరికొందరు పరిశోధకులు చీలికగుండా కణం దాటే తీరును లెక్కకట్టారు. ఎంత వైశాల్యం, ఎంత ఘనపరిమాణం ఉన్న కణం దాటగలదో ఒక హద్దు వచ్చింది. ఆరోగ్యవంతుల రక్తంలో తిరిగే కణాల పరిమాణాలు ఆ హద్దుకు లోబడే ఉన్నట్లు తేలింది. రక్తంలో ఎటువంటి కణాలు తిరగవచ్చునో నిర్ణయించడంలో ప్లీహానికి పెద్ద పాత్ర ఉన్నదని దీనివలన స్పష్టమయింది. బల్ల పెరిగిందన్న పెద్దల మాట వెనుక, చీలికల వద్ద ఆగిపోయిన లెక్కలేనన్ని కణాలు కూడా ఉన్నాయి.

కొడవలి కణ వ్యాధిలో కథ మరో రకంగా సాగుతుంది. ఇది హీమోగ్లోబిన్ అణువులోని లోపం వల్ల కలిగే వ్యాధి అని 1949లో లైనస్ పౌలింగ్ బృందం నిరూపించింది. ఒకే ఒక అమైనో ఆమ్లం మారడమే ఆ లోపమని 1950లలో వెర్నన్ ఇంగ్రామ్ కనుగొన్నాడు. ప్రాణవాయువును విడిచిన తరువాత ఈ హీమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కొని పొడవైన పోగులుగా మారతాయి. కణం కొడవలివలె వంగి, కర్రవలె బిగుస్తుంది. నాళాలు మూసుకుపోయి రోగికి భరింపరాని నొప్పి కలుగుతుంది. అయితే పోగులు అల్లుకోవడానికి కొంత వ్యవధి పడుతుంది. ఆ వ్యవధిలోగా కణం ఇరుకునాళాన్ని దాటి ఊపిరితిత్తులకు చేరితే ఆపద తప్పుతుంది. ఈ సంగతిని ఈటన్, హాఫ్రిక్టర్ అనే శాస్త్రవేత్తలు 1970లలోనే గుర్తించారు. ఇది కాలంతో కణం పడే పందెం. హైడ్రాక్సీయూరియా అనే మందు గర్భస్థ శిశువులలో ఉండే రకం హీమోగ్లోబిన్‌ను పెంచి, పోగులు అల్లుకోవడాన్ని ఆలస్యం చేస్తుంది. ఎంత ఆలస్యమైతే ఎన్ని కణాలు క్షేమంగా దాటుతాయన్నది నమూనాకు వేయదగిన ప్రశ్న.

ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. మన దేశంలో ఈ వ్యాధి లక్షణాన్ని 1952లో నీలగిరి ప్రాంతపు ఆదివాసులలో మొదటిసారి గుర్తించారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని ఆదివాసీ ప్రాంతాలలోనూ ఇది ఉన్నది. 2047 నాటికి దీనిని నిర్మూలించాలనే లక్ష్యంతో భారత ప్రభుత్వం 2023లో జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది.

కంప్యూటరు నమూనా రోగికి మందు కాదు. రోగి నొప్పిని అది ఎరుగదు. మనం చేర్చని విషయమేదీ అందులో ఉండదు. రక్తపరీక్షకు, వైద్యుని చేతికి అది ప్రత్యామ్నాయం కాజాలదు. అయినా కంటికి అందని చీలికలో ఏమి జరుగుతున్నదో ఊహించడానికి, ఆ ఊహను కొలతతో సరిచూసుకోవడానికి అది మనకు సాయపడుతుంది. తన ఆకారాన్ని పట్టుకొని మొండిగా నిలిచిన కణం ఇరుకులో ఆగిపోతుంది. ఒదిగిన కణం దాటి, తిరిగి తన రూపం పొందుతుంది. మంచి నమూనా కూడా అంతే. కొలత ఎదురైనప్పుడు తన్ను తాను సరిదిద్దుకొన్నదే ముందుకు సాగుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

ప్లీహం = ఉదరంలో ఎడమవైపున ఉండి రక్తాన్ని వడకట్టే అవయవం
బల్ల = ప్లీహం వాచినప్పుడు కడుపులో తగిలే గట్టి భాగం
రక్తకేశనాళిక = వెంట్రుకకన్నా సన్నని రక్తనాళం
త్వచం = కణాన్ని కప్పి ఉంచే పలుచని పొర
స్నిగ్ధత = ప్రవాహాన్ని, కదలికను నిరోధించే చిక్కదనం
పరాన్నజీవి = ఇతర జీవిపై ఆధారపడి బ్రతికే ప్రాణి
యథాతథంగా = ఉన్నది ఉన్నట్లుగా
ప్రత్యామ్నాయం = బదులుగా ఉండదగినది

సందర్భ సహిత వ్యాఖ్యలు రాయండి.

1. ఎర్రకణం వెలితిగా ఉన్న బస్తా వంటిది.
2. వివరం తగ్గినా విషయం చెడలేదు.
3. నమూనా తప్పు చెప్పిన చోటే మనకు ఒక కొత్త సత్యం తెలుస్తుంది.
4. ఇది కాలంతో కణం పడే పందెం.

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. ఎర్రకణం యాంత్రిక నమూనాను కంప్యూటరులో నిర్మించే విధానాన్ని వివరించండి.
2. మలేరియా, కొడవలి కణ వ్యాధులలో కణం మెత్తదనానికి గల ప్రాధాన్యాన్ని చర్చించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. ఎర్రకణానికి ఒదుగు ఎలా లభించింది?
2. నమూనాకు ప్రయోగం అవసరమెందుకు?
3. దేశపటంతో నమూనాను పోల్చడంలోని ఔచిత్యమేమి?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. ఎర్రకణం జీవితకాలమెంత?
2. త్వచం అడుగున గల వల ఏ ప్రోటీనుతో ఏర్పడినది?
3. కాంతి పట్టకారును రూపొందించినది ఎవరు?

సంధులు

అత్యల్పం = అతి + అల్పం – యణాదేశ సంధి
ప్రాణాపాయం = ప్రాణ + అపాయం – సవర్ణదీర్ఘ సంధి
సంబంధమేమిటి = సంబంధము + ఏమిటి – ఉత్వ సంధి

సమాసాలు

రక్తనాళాలు = రక్తము యొక్క నాళాలు – షష్ఠీ తత్పురుష సమాసం
జీవన్మరణాలు = జీవనమును, మరణమును – ద్వంద్వ సమాసం